షుగర్ ఉంది, భుజం బిగుసుకుపోయింది: ఆపరేషన్ లేకుండా స్ట్రెచింగ్‌తో తగ్గుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 53 ఏళ్ళు, షుగర్ వచ్చి ఏడేళ్ళయింది. ఆరు నెలల కిందట ఎడమ జబ్బలో నొప్పి మొదలైంది, నరం పట్టిందిలే అని ఊరుకున్నా. ఇప్పుడు చెయ్యి పైకి లేవట్లేదు, జడ వేసుకోలేను, వెనక్కి చెయ్యి పెట్టలేను, రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే నిద్రలోంచి లేచి కూర్చుంటున్నా. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి, తగ్గకపోతే మత్తు ఇచ్చి చెయ్యి తిప్పాల్సి వస్తుందన్నారు, అప్పట్నుంచీ భయంగా ఉంది. పది రోజులు ఫిజియోథెరపీకి వెళ్ళి కరెంట్ పెట్టించుకున్నా, పెద్ద తేడా లేదు. మా ఆడపడుచు ఎవరో తెలిసినాయన ఉన్నాడు, ఒక్కసారి లాగి వదిలితే సెట్ అయిపోద్దంటుంది. మా వారు ఆన్‌లైన్‌లో చెయ్యి సాగదీసే మెషీన్ చూసి కొందామంటున్నారు. ఇంకో నాలుగు నెలల్లో, మాఘమాసంలో మా అబ్బాయి పెళ్ళి. స్ట్రెచింగ్‌తోనే తగ్గుతుందా, ఎన్నాళ్ళు పడుతుంది?

సమాధానం: అక్కా, ముందు ఒక్క మాట. ఆ లాగి వదిలే ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం కానీ ఇది మాత్రం ఇవాళే మీ ఆడపడుచు గారికి చెప్పేయండి. ఎందుకో కింద వివరంగా చెప్తా. రెండో మాట, ఫ్రోజెన్ షోల్డర్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఆపరేషన్ దాకా పోవాల్సిన పనే ఉండదు, స్ట్రెచింగ్‌తో, అవసరమైతే ఒక ఇంజెక్షన్‌తో దారికొస్తుంది, అందుకని ఆ భయం కాస్త పక్కన పెట్టండి. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్ట్‌ని, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ కంప్లైంట్ చాలా ఎక్కువ, అందులోనూ నలభై నుంచి అరవై మధ్యలో ఉన్న ఆడవాళ్ళు, షుగరో థైరాయిడో ఉన్నవాళ్ళే ఎక్కువమంది కనపడతారు.

అసలు లోపల ఏం జరిగిందో తెలిస్తే ఏ వ్యాయామం ఎందుకు చెయ్యాలో మీకే అర్థమవుతుంది. భుజం కీలు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది, క్యాప్సూల్ అంటారు. చంక వైపు ఈ పొర వదులుగా, మడత పడి ఉంటుంది, మనం చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడత విప్పుకుంటుంది కాబట్టే చెయ్యి అంత పైకి పోతుంది. ఈ జబ్బులో ముందు ఆ పొర లోపల వాస్తుంది, తర్వాత నెమ్మదిగా మందంగా మారి కుంచించుకుపోతుంది, కొత్త కాటన్ జాకెట్ ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయి చంకలో పట్టేస్తుందే, అట్లా అన్నమాట. మామూలు భుజం కీలులోకి ఇంజెక్షన్‌తో ఎక్కిస్తే 15 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా ద్రవం పడుతుంది, బిగుసుకుపోయిన కీలులో చాలామందికి 10 కూడా పట్టదు. అంటే లోపల జాగా అంతగా తగ్గిపోయింది.

అందుకే ఎక్స్‌రే బాగుంటుంది. ఎక్స్‌రేలో ఎముకే కనపడుతుంది, ఈ పొర కనపడదు. మరి ఎక్స్‌రే ఎందుకు తీస్తారంటే కీలు అరగలేదు, జారలేదు, ఇంకేమీ లేదు అని తేల్చుకోడానికి. ఫ్రోజెన్ షోల్డర్ అని తేల్చేది చేత్తో చూసే పరీక్షతోనే. మీ చెయ్యి మీరు ఎత్తలేకపోవడం ఒకటే కాదు, పక్కవాళ్ళు పట్టుకుని ఎత్తినా అది అక్కడే ఆగిపోతుంది. భుజంలో కండర తాడు తెగినవాళ్ళకి సొంతంగా ఎత్తడం రాదు కానీ వేరేవాళ్ళు ఎత్తితే చాలావరకు లేస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది, మీరే ఇంట్లో చూసుకోవచ్చు. బీరువా అద్దం ముందు నిలబడి రెండు మోచేతులూ నడుముకి ఆనించి, మోచేతి దగ్గర ఎల్ ఆకారంలో వంచి, రెండు చేతులూ బయటికి, తలుపులు తెరిచినట్టు తిప్పండి. కుడి చెయ్యి హాయిగా బయటికి పోతుంది, ఎడమది కొంచెం దూరం పోయి ఆగిపోతుంది. ఇదిగో, ఈ బయటికి తిరగడం అనేదే ఈ జబ్బులో ముందుగా, అన్నిటికంటే ఎక్కువగా పోతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, వ్యాయామాల దగ్గర మళ్ళీ దీనికే వస్తా.

ఇప్పుడు ఆ లాగడం సంగతి. సర్జన్లు మత్తు ఇచ్చి చేసేది కూడా చెయ్యి తిప్పడమే, కాకపోతే అక్కడ మత్తు వల్ల కండరాలన్నీ వదులైపోయి ఉంటాయి, డాక్టర్ భుజానికి దగ్గరగా పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతారు. అంత జాగ్రత్తగా చేసినా అరుదుగా జబ్బ ఎముక విరిగే ప్రమాదం ఉందని ముందే సంతకం పెట్టించుకుంటారు. మరి మెలకువగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, నొప్పికి కండరాలన్నీ బిర్రబిగుసుకుని ఉన్నప్పుడు, మణికట్టు దగ్గర పట్టుకుని ఒక్క ఊపు ఊపితే పొర చిరగొచ్చు, పక్కనున్న తాడు తెగొచ్చు, ఎముక విరగొచ్చు, కీలు జారొచ్చు. ఇవేమీ కాకపోయినా లోపల వాపు పెరిగి మళ్ళీ మొదటికొస్తుంది. జబ్బ మీద పైపైన నూనె రాసి మర్దనా చేయించుకుంటే ఇబ్బంది లేదు, కండరాలకి హాయిగానే ఉంటుంది, కానీ దానివల్ల లోపలి పొర సాగదు, అంతవరకే.

ఇక షుగర్. మామూలు జనంలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి ఈ జబ్బు వస్తే షుగర్ ఉన్నవాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుంది, పైగా వాళ్ళకి బిగువు ఎక్కువ, తగ్గడానికి టైమ్ కూడా ఎక్కువ తీసుకుంటుంది. రక్తంలో ఎక్కువకాలం చక్కెర ఎక్కువుంటే అది కీళ్ళ చుట్టూ ఉండే కొల్లాజెన్ పోగులకి అతుక్కుని వాటిని బిరుసుగా చేస్తుంది, కారణం అదేనని చెప్తారు. మీరు ఉత్తరంలో మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ ఎంతుందో రాయలేదు. నేను ఎవరొచ్చినా ముందు అడిగేది అదే. పోయిన మూడు నెలల్లో చెయ్యించకపోయుంటే ఈ వారంలో చేయించండి, దాంతోపాటు థైరాయిడ్ టీఎస్‌హెచ్ కూడా, ఎందుకంటే థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకి కూడా ఇది ఎక్కువ వస్తుంది, అది బయటపడని వాళ్ళు చాలామంది ఉంటారు. భుజానికి ఎంత కష్టపడి వ్యాయామం చేసినా ఈ హెచ్‌బీఏ1సీ ఎనిమిదీ తొమ్మిదీ మీద నిలబడి ఉంటే పని సగమే అవుతుంది. పెళ్ళి పనుల్లో పడి మందులు మర్చిపోవడం, ఎక్కడికెళ్తే అక్కడ స్వీటు తినడం, ఈ రెండూ ఈ నాలుగు నెలలు దయచేసి చూసుకోండి.

ఎన్నాళ్ళు అన్నారు. నిజం చెప్పాలి కదా, ఇది వారాల్లో పోయేది కాదు. ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది నొప్పి దశ, రెండు నుంచి తొమ్మిది నెలలు, నొప్పి ఎక్కువ, అదే సమయంలో చెయ్యి కదలడం తగ్గుతూ వస్తుంది. రెండోది బిగుసుకున్న దశ, నాలుగు నుంచి పన్నెండు నెలలు, నొప్పి చాలావరకు తగ్గుతుంది కానీ చెయ్యి ఎక్కడిదక్కడే ఉంటుంది. మూడోది వదులయ్యే దశ, నెలల తరబడి నిదానంగా. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్ళు అంటారు. ఈ అంకె చూసి కంగారు పడకండి, మూడేళ్ళూ ఇదే నొప్పి ఉంటుందని కాదు, ముందు తగ్గేది నొప్పే, ఆఖర్న మిగిలేది వెనక్కి చెయ్యి పెట్టడం రాకపోవడం లాంటివి. మీకు ఆరు నెలలైంది, రాత్రి నొప్పికి ఇంకా లేస్తున్నారు, అంటే మొదటి దశ పూర్తిగా దాటలేదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఏ దశలో ఎంత సాగదియ్యాలి అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

దీని మీద నెదర్లాండ్స్‌లో చేసిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. ప్రత్యేకంగా కారణమంటూ లేకుండా ఫ్రోజెన్ షోల్డర్ వచ్చిన 77 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి నొప్పి దాటి మరీ గట్టిగా సాగదీసే ఫిజియోథెరపీ చేశారు, రెండో గుంపుకి నొప్పి మొదలయ్యే హద్దు లోపలే వ్యాయామం చేసుకోమని, మామూలు పనులు చేసుకోమని చెప్పి వదిలేశారు. రెండేళ్ళ తర్వాత చూస్తే నెమ్మదిగా చేసుకున్నవాళ్ళలో నూటికి 89 మందికి భుజం మామూలుగానో దాదాపు మామూలుగానో అయింది, గట్టిగా చేయించుకున్నవాళ్ళలో 63 మందికే అయింది. మా పేషెంట్లు కొంతమంది "ఏడ్చినా పర్లేదు మేడమ్, గట్టిగా వంచెయ్యండి" అంటారు, వాళ్ళకి ఇదే చెప్తా. నొప్పి దశలో గట్టిగా వంచితే వాపు రెచ్చిపోయి ఇంకా బిగుస్తుంది. అలాగని అసలు కదపకుండా జోలె కట్టుకుని కూర్చున్నా బిగుస్తుంది. ఈ రెండిటి మధ్యలో ఉంది మన పని.

మీ పది రోజుల ఫిజియోథెరపీ ఎందుకు పనిచెయ్యలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కరెంట్, అల్ట్రాసౌండ్, ఇవి ఉత్తవే అని అనను, కాసేపు నొప్పి తగ్గించి కండరాన్ని వదులు చేస్తాయి, కానీ కుంచించుకుపోయిన పొరని సాగదియ్యడం వాటి వల్ల కాదు. కరెంట్ పెట్టి ఇంటికి పంపించేస్తే అసలు పని మొదలవ్వలేదన్నట్టే. మీరు మళ్ళీ వెళ్ళేటప్పుడు "నాకు ఇంట్లో చేసుకోడానికి వ్యాయామాలు నేర్పండి, వారానికోసారి వచ్చి చూపిస్తా" అని అడగండి. కొత్తపేటలో ఎముకల డాక్టర్లు, ఫిజియో సెంటర్లు చాలానే ఉన్నాయి, ఖర్చు ఇబ్బంది అనుకుంటే జీజీహెచ్‌లో, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, ఎముకల ఓపీలో చూపించుకోవచ్చు. రోజూ ఆటో ఎక్కి పోయి రావక్కర్లేదు, ఈ జబ్బులో సెంటర్‌లో చేసే దానికంటే ఇంట్లో చేసుకునేదే ఎక్కువ పని చేస్తుంది.

సరే, ఇప్పుడు వ్యాయామాలు. ముందు వేడి. పొద్దున స్నానం వేడినీళ్ళతో చేసి, భుజం మీద రెండు చెంబులు ఎక్కువ పోసుకుని, వెంటనే చెయ్యండి. మధ్యాహ్నం, సాయంత్రం అయితే హాట్ ప్యాక్ టవల్‌లో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకి వేడి సరిగా తెలియకపోవచ్చు కాబట్టి ముందు ఇంట్లో ఇంకొకరిని చేత్తో పట్టుకుని చూడమనండి, ఒంటి మీద డైరెక్టుగా పెట్టొద్దు.

మొదట ఊపుడు. డైనింగ్ టేబుల్ మీద కుడి చెయ్యి ఆనించి నడుము దగ్గర ముందుకు వంగండి, ఎడమ చెయ్యి కిందికి వేలాడెయ్యండి, అసలు బలం పెట్టకుండా. ఇప్పుడు చెయ్యిని ఊపకూడదు, ఒంటిని ముందుకీ వెనక్కీ కొంచెం కదిపితే చెయ్యి దానంతటదే ఊగుతుంది. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, చిన్న సున్నాలు, ఒక రెండు మూడు నిమిషాలు. బీపీ ఉండి తల తిరిగే అలవాటుంటే మరీ కిందికి వంగొద్దు. ఇది బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ పేరు మీద ఉన్న వ్యాయామం, ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో పెట్టింది కూడా ఆయనే. నొప్పి ఎక్కువున్న రోజు మిగతావి మానేసినా ఇది మాత్రం చెయ్యండి.

తర్వాతిది కర్ర వ్యాయామం, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలామందికి గోడ మీద వేళ్ళతో పాకించే వ్యాయామం ఒక్కటే చెప్పి పంపిస్తారు, వాళ్ళు నెలల తరబడి గోడ పాకుతూనే ఉంటారు, చెయ్యి ఒక ఎత్తు దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే చెయ్యి పూర్తిగా పైకి వెళ్ళాలంటే జబ్బ ఎముక బయటికి తిరగాలి, ఆ తిరగడం రాకుండా పైకెత్తితే లోపల ఎముకకి ఎముక నొక్కుకుని నొప్పే వస్తుంది. కాబట్టి ముందు బయటికి తిరగడం తెరుచుకోవాలి. ఇంట్లో మాప్ కర్ర ఉంటుంది కదా, అది తీసుకోండి, లేకపోతే పొడుగు గొడుగు. మంచం మీద వెల్లకిలా పడుకోండి, ఎడమ మోచేతి కింద చిన్న టవల్ మడత పెట్టి పెట్టుకోండి, లేకపోతే మోచెయ్యి వెనక్కి పడిపోయి భుజం ముందువైపు లాగుతుంది. మోచెయ్యి నడుముకి దగ్గరగా, ఎల్ ఆకారంలో వంచి, రెండు చేతులతో కర్ర పొట్టకి అడ్డంగా పట్టుకోండి. ఇప్పుడు కుడి చేత్తో కర్రని ఎడమ వైపుకి మెల్లగా నెట్టండి, ఎడమ చెయ్యి బయటికి తిరుగుతుంది, ఎడమ చెయ్యి సొంతంగా ఏమీ చెయ్యకూడదు, పూర్తిగా వదిలెయ్యాలి. ఒక చోట పట్టినట్టు, సాగినట్టు తెలుస్తుంది, అక్కడ ఆపండి. దాన్ని దాటించొద్దు. అక్కడే ఉంచి ఊపిరి మామూలుగా తీస్తూ పదిహేను లెక్కపెట్టండి, అలవాటయ్యే కొద్దీ ముప్పై దాకా. ఊపిరి బిగపట్టారంటే ఎక్కువ నెట్టారని అర్థం. ఆ ముప్పై లోపలే ఆ పట్టు కొంచెం వదిలినట్టు తెలుస్తుంది, అప్పుడు ఒక వెంట్రుక వాసి జరపండి, చాలు. మెల్లగా వెనక్కి తీసుకురండి. ఇట్లా నాలుగైదు సార్లు. మోచెయ్యి నడుము నుంచి దూరంగా పోతోందంటే మోసం జరుగుతోంది, అది భుజం తిరగడం కాదు, చెయ్యి పక్కకి జరగడం. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఒక చేతిరుమాలు పెట్టుకుంటే జారి పడినప్పుడల్లా తెలిసిపోతుంది.

పడుకునే ఉన్నారు కాబట్టి అదే ఊపులో ఇంకోటి. కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని రెండు చేతులూ మెల్లగా తల వైపు ఎత్తండి, సగం దాటాక చెయ్యి బరువే దాన్ని వెనక్కి తీసుకెళ్తుంది, మీరు బలం పెట్టక్కర్లేదు. ఆగిన చోట మళ్ళీ పదిహేను నుంచి ముప్పై. తర్వాత లేచి కూర్చుని కుడి చేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుని ఛాతీ మీదుగా కుడి భుజం వైపు లాక్కోవడం. గోడ మీద పాకించడం కూడా చెయ్యండి, వద్దనట్లేదు, కాకపోతే భుజాన్ని చెవి దాకా ఎగరేసి ఎత్తితే అది లెక్కలోకి రాదు, మెడ నొప్పి మాత్రం వస్తుంది. వేళ్ళు ఎక్కడిదాకా పోయాయో వారానికోసారి గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. రోజూ కొలవొద్దు, రోజూ చూస్తే తేడా కనపడక మనసు విరిగిపోతుంది.

వీపు వెనక టవల్ పట్టుకుని పై చేత్తో కింది చేతిని పైకి లాగే వ్యాయామం ఒకటి అందరికీ తెలుసు, జాకెట్ హుక్స్ అందాలంటే అదే కావాలి నిజమే, కానీ మీరు ఇప్పుడే మొదలుపెట్టొద్దు. అన్నిటికంటే నొప్పి రెచ్చగొట్టేది అదే. రాత్రిళ్ళు వరసగా రెండు మూడు వారాలు సుఖంగా నిద్ర పట్టాక అప్పుడు మొదలుపెట్టండి. ఈలోపు ముందు హుక్స్ ఉన్న జాకెట్లు కుట్టించుకోండి, పెళ్ళికి కుట్టించేవి కూడా అలాగే, చంక దగ్గర కొంచెం వదులుగా పెట్టమనండి. తొడుక్కునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి దూర్చండి, తీసేటప్పుడు ఎడమది ఆఖర్న తియ్యండి.

రోజుకి ఎన్నిసార్లంటే, గంటసేపు ఒక్కసారి కంటే పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు మేలు. ఆ పొర జిగట గల పదార్థం, గట్టిగా గుంజితే ఎదురు తిరుగుతుంది, తక్కువ బలంతో ఎక్కువసేపు ఉంచితే నెమ్మదిగా లొంగుతుంది, రోజు మొత్తం మీద ఆ ఆగిన చోట చెయ్యి ఎంతసేపు ఉంది అన్నదే లెక్క. ఎక్కువైందో తక్కువైందో తెలుసుకోడానికి ఒక గుర్తు చెప్తా. సాగదీసేటప్పుడు పట్టినట్టు ఉండాలి, పదికి మూడు నాలుగు దాటకూడదు, ఆపిన అరగంట లోపల మామూలుకి రావాలి. ఆ రాత్రి నొప్పి మామూలు కంటే ఎక్కువై నిద్ర చెడిందంటే మర్నాడు సగానికి తగ్గించండి, మానెయ్యొద్దు. అసలేమీ తెలియకపోతే కొంచెం పెంచండి.

పడుకునేటప్పుడు కుడి పక్కకి తిరిగి ఎడమ చెయ్యి కింద దిండు పెట్టుకోండి, చెయ్యి ముందుకు వేలాడకుండా. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి కింద దిండు. బస్సులో పై రాడ్డు ఎడమ చేత్తో పట్టుకోవద్దు, డ్రైవర్ బ్రేక్ వేసిన ఒక్క కుదుపుకే కళ్ళ ముందు చుక్కలు కనపడతాయి. స్కూటీ నడిపే అలవాటుంటే నొప్పి దశ దాటేదాకా ఆపండి. తేలికైన ఇంటి పని అంతా చేసుకోవచ్చు, చెయ్యాలి కూడా, అటక మీంచి బరువులు దించడం, జాడీలు, సిలిండర్ ఎత్తడం మాత్రం వద్దు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు రోజూ వేసుకోకండి అక్కా, షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలకి అవి మంచివి కావు, కావాల్సొస్తే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి డాక్టర్ రాసినన్ని రోజులే. నొప్పి అంతగా ఉండి వ్యాయామమే చెయ్యలేకపోతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. స్టెరాయిడ్ అనగానే చాలామంది వద్దంటారు, కానీ ఒక ఇంజెక్షన్ కొన్ని వారాల పాటు నొప్పి బాగా తగ్గిస్తుంది, ఆ వారాల్లో స్ట్రెచింగ్ చేస్తే మంచి లాభం ఉంటుంది, అదీ మొదటి దశలోనే ఎక్కువ పనిచేస్తుంది. ఇంజెక్షన్ చేయించుకుని వ్యాయామం చెయ్యకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. కాకపోతే తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఒక్కోసారి వారం దాకా, కాబట్టి మీ షుగర్ డాక్టర్‌కి ముందే చెప్పి, ఇంట్లో గ్లూకోమీటర్‌తో రోజూ చూసుకోవాలి. ఇప్పటికే షుగర్ మరీ ఎక్కువుంటే ముందు దాన్ని దించి తర్వాత చేయించుకోవాలి.

మీ వారు చూసిన మెషీన్ మోసమేమీ కాదు. చేతిని ఒక కోణంలో పట్టి ఉంచి, ఐదు నిమిషాలకోసారి కొంచెం కొంచెం జరుపుకుంటూ అరగంట ఉంచే బిగింపు పరికరాలవి, నేను కర్రతో చెప్పిన పనే అవి ఎక్కువసేపు చేస్తాయి, చిన్న చిన్న అధ్యయనాల్లో కదలిక పెరిగినట్టు కనపడింది కూడా. కానీ మీరు ఇంకా నొప్పి దశలో ఉన్నారు, ఇప్పుడు దాని అవసరం లేదు, పైగా ఎవరూ సరిచెయ్యకుండా ఇంట్లో బిగించుకుంటే ఎక్కువ తిప్పేసుకునే ప్రమాదం ఉంది. ఆ డబ్బు దాచుకోండి. నొప్పి తగ్గి బిగువు మాత్రమే మిగిలి, కర్రతో నెలల తరబడి చేసినా కదలకపోతే అప్పుడు మీ ఫిజియోని అడిగి చూద్దాం. తలుపుకి తగిలించే తాడూ కప్పీ మాత్రం చవక, అది తెచ్చుకుంటే వాడుకోవచ్చు.

ఎడమ భుజం కాబట్టి, షుగర్ ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. భుజం కదిపితే వచ్చే నొప్పి భుజానిది. భుజం కదపకపోయినా మెట్లెక్కినప్పుడో నడిచినప్పుడో ఎడమ చెయ్యి లాగడం, గుండె మీద బరువు, దవడ నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే అది గుండెది అనుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, ఫ్రోజెన్ షోల్డరే కదా అని ఊరుకోవద్దు. భుజం ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తగ్గిపోతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వ్యాయామం ఆపి డాక్టర్‌కి చూపించండి.

పెళ్ళి నాటికి ఎంతవరకు వస్తుందని అడిగితే, నాలుగు నెలల్లో పూర్తిగా మామూలైపోతుందని నేను మాటివ్వను, ఎవరన్నా ఇస్తే నమ్మకండి. రాత్రి నిద్ర పట్టడం, చెయ్యి తల దాకా పోవడం, అక్షింతలు వెయ్యడం, వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టడం, ఇవి వచ్చే అవకాశం బాగా ఉంది. వీపు వెనక పనులు అప్పటికి రాకపోవచ్చు, జడ ఎవరన్నా వేస్తారు, దానికేం బాధపడొద్దు. పెళ్ళి హడావుడిలో రోజుకి నాలుగు సార్లు కుదరకపోతే రెండు సార్లైనా చెయ్యండి, కర్ర వ్యాయామం మాత్రం వదలొద్దు.

ఇంక ఆపరేషన్ మాట. బ్రిటన్‌లో 503 మంది మీద పెద్ద ఎత్తున పోల్చి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది, మత్తిచ్చి తిప్పడం, కీహోల్ ఆపరేషన్‌తో పొర కొయ్యడం, ఇంజెక్షన్ ఇచ్చి పద్ధతిగా ఫిజియోథెరపీ చెయ్యడం, ఈ మూడింట్లో ఏడాది తర్వాత ఏదీ మిగతావాటి కంటే చెప్పుకోదగ్గ తేడాతో మెరుగ్గా రాలేదు. అంటే ఆపరేషన్ చెడ్డదని కాదు, ముందు దానికే పరిగెత్తక్కర్లేదని. పైగా ఆపరేషన్ అయినా మర్నాటి నుంచే ఇదే స్ట్రెచింగ్ చెయ్యాలి, చెయ్యకపోతే మళ్ళీ బిగుస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా తొందరగా. మీరు ఇప్పట్నుంచి ఒక ఆరు నెలలు షుగర్ అదుపులో పెట్టుకుని, ఇంజెక్షన్ కూడా అయ్యాక, రోజూ నిజంగా చేసినా గోడ మీద గీతలు వరసగా రెండు మూడు నెలలు ఒకే చోట ఆగిపోయి, రోజువారీ పనులకి అడ్డం పడుతుంటే అప్పుడు సర్జన్‌ని కలవండి, భయపడకుండా. వెళ్ళేటప్పుడు హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ రిపోర్టులు, పాత ఎక్స్‌రే, ఏ తేదీకి చెయ్యి ఎంత ఎత్తు లేచిందో రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి, ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో కూడా దాని మీదే రాసి పెట్టుకోండి, ఆయన ముందు అడిగేవి ఇవే.